ఫెయిర్ కాపీ

1970ల్లో వారపత్రికలు చదివినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, నవలంటే ఆడవాళ్ళే రాయాలన్న రోజులవి. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి... అద్దె పుస్తకాల షాపులో వీళ్ళ నవలలకు అట్టలుండేవి కావు. చేతులు మారి మారి అట్ట ఊడేది. షాపువాడు ఖాకీ కాగితం అంటించి దాని మీద ఇంకుతో పేరు రాసేవాడు. అదీ ఊడేది. 1973 ఒక్క ఏడాదిలోనే యద్దనపూడి నవలల్లోంచి ‘జీవన తరంగాలు’, ‘మీనా’ రెండూ సినిమాలై వచ్చాయి.

మగ రచయితలు ఊరుకుంటారా? కొంతమంది చీర కట్టేశారు. పెళ్ళాం పేరు, చెల్లెలి పేరు, అసలు లేనే లేని మరదలి పేరు, ఏది తడితే అది పెట్టి సీరియళ్ళు పంపారు. బీనాదేవి సంగతి వేరు. ఆ పేరు వెనక నరసింగరావు గారు, త్రిపురసుందరమ్మ గారు ఆలుమగలిద్దరూ ఉన్నారు. అది ఉమ్మడి సంతకం. నేను చెప్పేది దొంగ సంతకం కథ.

పేరు ఆడపేరైతే చాలు, పాఠకుల ఉత్తరాల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది. “ఇంటిపనీ పిల్లల పనీ చూసుకుంటూ రాసుకోడానికి మీకు తీరిక ఎలా దొరుకుతుందండీ?” కొడవటిగంటి కుటుంబరావు గారు ఏళ్ళ తరబడి ‘చందమామ’ పని చూస్తూనే అన్నేసి కథలూ నవలలూ వ్యాసాలూ రాశారు. పిల్లలకు నీళ్ళెప్పుడు పోస్తారు సార్ అని ఆయన్ని ఎవరైనా అడిగినట్టు నేను వినలేదు. మా బాబాయిని మాత్రం అడిగారు. ఒకరా ఇద్దరా! కార్డుల మీద కార్డులు.

బాబాయి ధవళేశ్వరంలో ఒక ప్రభుత్వాఫీసులో యూడీసీ. కాపురం రాజమండ్రి ఇన్నీసుపేటలో, మా పక్క వాటాలోనే. పెరడు ఒకటే, నుయ్యి ఒకటే, కబుర్లూ ఒకటే. పొద్దున్నే సైకిలెక్కి గోదావరి గట్టు మీదుగా ఆఫీసుకు వెళ్ళేవాడు, దీపాల వేళకు వచ్చేవాడు. రాయాలన్న యావ కాలేజీ రోజుల నుంచీ ఉంది. కథలు పంపేవాడు. పంపినవి పంపినట్టే, తను స్టాంపులంటించి జతపరిచిన కవర్లలోనే ఇంటికి చేరేవి. లోపల అచ్చు చీటీ, ‘ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము’ అని. ఇంకొకరైతే చింపి పారేసేవారు. బాబాయి ఆ చీటీలకు చిల్లులు పొడిచి, ట్యాగు కట్టి, తేదీలవారీగా ఫైలు చేశాడు.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమంలో ఎన్జీవోలు సమ్మెకు దిగారు. నెలల తరబడి ఆఫీసు లేదు, జీతమూ లేదు. చేతినిండా తీరిక, జేబు ఖాళీ. బాబాయి ఏకంగా నవల మొదలెట్టాడు. సమ్మె ముగిసేసరికి నవలా ముగిసింది. ఓ వారపత్రికకు పంపాడు (పత్రిక పేరు ఇక్కడ అనవసరం). చీటీతో తిరిగొచ్చింది. ఫైలు ఇంకాస్త లావెక్కింది.

అప్పుడు అద్దె పుస్తకాల షాపాయన ఉపాయం చెప్పాడు. “గురువుగారూ, మీ పేరు చూస్తే మున్సిపాలిటీ నోటీసు చూసినట్టుంటుంది. అమ్మగారి పేరు పెట్టి పంపండి.”

ఆ రాత్రే బాబాయి పిన్నిని కూర్చోబెట్టాడు.

“ఏమోయ్, నీ పేరు కాస్త వాడుకుంటాను.”

“వాడుకోండి. రేషను కార్డులో తప్ప దాంతో ఎవరికీ పని లేదు కదా.”

“పేరొక్కటే చాలదు. నా దస్తూరీలో వెళ్తే మగచెయ్యని పట్టేస్తారు. నువ్వు ఫెయిర్ చెయ్యాలి. అక్షరం పొల్లు పోకూడదు. చుక్క ఉన్నచోట చుక్క, కామా ఉన్నచోట కామా.”

పిన్నిది సామర్లకోట. ఎస్సెల్సీ దాకా చదివింది, పరీక్షకు ముందే పెళ్ళయింది. కాపురానికి తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో చీరల అడుగున, వారపత్రికల్లోంచి చింపి సూదీదారంతో కుట్టుకున్న సీరియళ్ళు ఉండేవని అమ్మ చెప్పేది. మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ కాగితాలు వేరే కట్ట.

ఫెయిర్ చేయడానికి పిన్నికి చాలా రోజులు పట్టింది. “మా ఆఫీసు టైపిస్టయితే ఈపాటికి మెమో ఇచ్చేసేవాణ్ణి” అని బాబాయి రోజూ విసుక్కునేవాడు. మొత్తానికి కట్ట వెళ్ళింది. కొన్ని వారాలకు జవాబొచ్చింది. ‘మీ నవల సీరియల్‌గా ప్రచురించడానికి సంతోషిస్తున్నాము.’

బాబాయి ఆ ఉత్తరం పట్టుకుని చెప్పులైనా లేకుండా మా వాటాలోకి పరుగెత్తుకొచ్చాడు.

“చూశావా అన్నయ్యా! అదే నవల. అక్షరం మార్చలేదు. పేరు మార్చానంతే! ఈ దేశంలో మగాడికి న్యాయం లేదు.”

“పోనీలేరా, డబ్బు ఎవరి పేరున వచ్చినా బియ్యం ఒకే షాపులో కొంటాం” అన్నాడు నాన్న.

సీరియల్ జనానికి పట్టింది. పొడిగించమని ఎడిటరు రాశాడు. దాంతో బాబాయి వారం వారం కొత్త భాగం రాయాల్సి వచ్చింది. మిగతా ఇల్లంతా ఆ భాగం చుట్టూ తిరగాల్సి వచ్చింది.

బాబాయి రచనా విధానం చూడాల్సిందే. తెల్లవారుజామున 4 గంటలకు అలారం. అలారం మోగగానే లేచేది పిన్ని. కుంపటి రాజేసి కాఫీ కలిపాక ఆయన్ని లేపేది. వీధి వరండాలో కుర్చీ, బల్ల, బ్రిల్ సిరాబుడ్డి, దస్తా కాగితాలు. అక్కణ్ణుంచి రెండు గంటల పాటు ఇంట్లో పిల్ల ఏడవకూడదు, నూతి గిలక కిర్రుమనకూడదు, పాలవాడు కేక వెయ్యకూడదు. మూడో క్లాసు చదివే పెద్దాడు లేచి ఎక్కాలంటూ మొదలుపెట్టకూడదు. చంటిది గొంతెత్తితే పిన్ని భుజానేసుకుని పెరట్లోకి నడిచేది. చలికాలమైనా సరే, చింతచెట్టు కింద అటూ ఇటూ తిరుగుతూ జోకొట్టేది. ఆరు గంటలకు బాబాయి కలం మూసేవాడు. “డ్రాఫ్టు అయింది” అనేవాడు. రాసింది మళ్ళీ చూసుకునేవాడు కాదు. చూసుకోకపోవడం ప్రతిభ అని ఆయన నమ్మకం. “వెనక్కి తిరిగి చూసేవాడు గుమాస్తా. ముందుకు పోయేవాడు రచయిత” అనేవాడు.

ఆ డ్రాఫ్టు బల్ల మీద రాయి కింద ఉండేది. పిన్ని వంతు దాని తరవాత. దాని తరవాత అంటే వంట, పెద్దాడి క్యారేజీ, బాబాయి క్యారేజీ, అంట్లు, బట్టలు, చంటిదాని స్నానం, సాంబ్రాణి, ఉగ్గు, మడిబట్ట ఆరేయడం, పప్పు ఏరడం, ఇవన్నీ అయిన తరవాత.

బడి నుంచి వచ్చి నేను తిన్నగా పిన్ని వాటాలోకే వెళ్ళేవాణ్ణి, చేగోడీలుంటాయని. నడవలో దూలానికి చీర ఉయ్యాల. ఉయ్యాలకు కట్టిన నులక తాడు చివర పిన్ని కుడికాలి బొటనవేలికి. వీపు స్తంభానికి ఆనించి, ఎడం మోకాలు పైకి లేపి, దాని మీద పెద్దాడి పరీక్ష అట్ట పెట్టుకుని రాస్తుండేది. పక్కన చాటలో సగం ఒలిచిన చిక్కుడుకాయలు. వంటింటి గుమ్మంలోంచి కుంపటి మీద పాలగిన్నె కనిపించేలా కూర్చునేది. కలం ఆగితే వేలు కదిలేది, వేలు ఆగితే కలం కదిలేది. ఒక్కోసారి రెండూ ఆగిపోయి, దూలం వంక చూస్తూ పెదవులు కదిపేది. ఉయ్యాల్లోంచి ‘ఊఁ’ అని వినపడేది, వేలు మళ్ళీ మొదలు.

“ఏంటి పిన్నీ, పైకి చూస్తున్నావ్?” అనడిగానొకసారి.

“మీ బాబాయి రాత అర్థం కాలేదురా. కోడికెలుకుడు” అంది.

పాల చుట్టూ నురగ కట్టే చప్పుడు ఆవిడకు నడవలోకి ఎలా వినిపించేదో నాకు అర్థమయ్యేది కాదు. వాక్యం మధ్యలో వేలికున్న తాడు విప్పేసి పరుగెత్తి గిన్నె దించేది. ఆ చేత్తోనే కాస్త పసుపో పిండో కాగితానికి అంటేది. ఇంకో కాగితం తీసి మళ్ళీ రాయబోతే బాబాయి వద్దన్నాడు. “ఉండనీ. ఆడది రాసిందంటే నమ్ముతారు.”

మా నాన్నకు ఒకసారి జాలేసింది. “ఏరా, చంటిపిల్లతో ఆ పిల్ల నీకు ఇంత చాకిరీ చేస్తోందే, ఓ మాట మెచ్చుకోవచ్చుగా” అన్నాడు.

“అన్నయ్యా, విశ్వనాథవారు ‘వేయిపడగలు’ చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. తమ్ముడు నవల రాశాడని ఎవరైనా అన్నారా? డ్రాఫ్టు డ్రాఫ్టే, ఫెయిర్ కాపీ ఫెయిర్ కాపీయే” అన్నాడు బాబాయి.

ఇక హామీ పత్రం. ‘ఇది నా స్వంత రచన. అనువాదం కాదు, అనుసరణ కాదు, అనుకరణ కాదు. మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని రచయిత సంతకం చేసి పంపాలి. నవల మొత్తానికి ఒకసారి పంపితే ఎవరూ రెండోది అడగరు. కాని బాబాయి ఆఫీసులో జతపరచిన పత్రాలు లేని కాగితం ముందుకు కదలదు. కాబట్టి ప్రతి భాగానికీ ఒక హామీ పత్రం గుండుసూదితో గుచ్చేవాడు. పిన్నితో సంతకం చేయించేటప్పుడు నవ్వాపుకోలేకపోయేవాడు. “పెట్టవోయ్ పెట్టు, కోర్టుకెక్కితే నేనొచ్చి విడిపిస్తాలే” అనేవాడు. మొదటిసారి పిన్ని కలం పట్టుకుని చాలాసేపు ఆగింది. “తప్పు కదండీ?” అంది. కొన్ని వారాలు పోయేసరికి అడగడం మానేసింది. కాగితం ముందు పెడితే చకచకా గీసేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది.

కవరు పోస్టు చేసే పని నాది. ఆలస్యమైతే స్టేషన్లో ఆరెమ్మెస్ డబ్బాలో వెయ్యాలి. అందుకు బాబాయి నాకు ఓ పది పైసలు ఇచ్చేవాడు. పత్రిక వచ్చాక ఆయన చూసేవి బొమ్మ, బొమ్మ పక్కన పిన్ని పేరు, అడుగున ‘సశేషం’. తరవాత తిన్నగా పాఠకుల ఉత్తరాల పేజీకి వెళ్ళిపోయేవాడు. కథ చదివేవాళ్ళం మేము. అమ్మ చదివేది, నాన్న చదివేవాడు, వాళ్ళకు తెలీకుండా నేనూ చదివేవాణ్ణి. “వీడు ఆడవాళ్ళ మనసు ఎలా పట్టాడే!” అని నాన్న ఆశ్చర్యపోయేవాడు. “పరకాయ ప్రవేశమే ఇది.” నూతి దగ్గర అమ్మ అన్న మాటొకటి సీరియల్లో ఉన్నదున్నట్టు వచ్చింది. బాబాయి గోడ చాటున నిలబడి వింటున్నాడేమోనని అమ్మ అప్పట్నుంచి నూతి దగ్గర గొంతు తగ్గించింది.

ఎదురింటావిడకు రహస్యం తెలీదు. ఓ సాయంత్రం వచ్చి పిన్ని చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఆ నేతిగిన్నె సీనుందే! అత్తగారు నేతిగిన్నె చూరులో దాస్తే, కోడలు చూసీ చూడనట్టు వట్టి అన్నమే కలుపుకుంటుందే! మా ఇంట్లో జరిగింది నీకెలా తెలిసిందమ్మా?”

ఆవిడ వెళ్ళాక బాబాయి వరండాలోంచి లోపలికొచ్చాడు. “ఏ నేతిగిన్నె?”

“మీరు రాసిందేనండీ. పదో భాగంలో.”

బాబాయి కాసేపు ఆలోచించాడు. “ఆఁ... అవునవును. అలా వచ్చేస్తాయంతే, పెన్ను పట్టుకుంటే.”

మనియార్డర్లు పిన్ని పేరున వచ్చేవి. పోస్టుమాన్ ముందు సంతకం చేసి, లెక్కపెట్టి, డబ్బు బాబాయి చేతికిచ్చేది. ఆయన అందులోంచి ఓ రూపాయి తీసి “ఇది నీ టైపింగు చార్జీ” అనేవాడు. ఉదారుడే, ఒక్కో నెల రెండు రూపాయలిచ్చేవాడు.

ఇలా ఉండగా దీపావళి ప్రత్యేక సంచికకు రచయిత్రుల దినచర్యలు వేస్తున్నామనీ, గృహిణిగా, తల్లిగా ఉంటూ రచన ఎలా సాగిస్తున్నారో రెండు పేజీల్లో రాసి పంపమనీ ఎడిటరు దగ్గర్నుంచి ఉత్తరం. బాబాయి దీనికి మాత్రం మినహాయింపిచ్చి, రాసింది అందరికీ వినిపించాడు. వరండాలో మేమంతా కూర్చున్నాం. పిన్ని గుమ్మంలో వెల్లుల్లి పొట్టు తీస్తోంది, ఒళ్ళో చంటిది.

“‘ప్రతి దినము తెల్లవారుజామున 4 గంటలకు నిద్ర లేచెదను. ప్రశాంత వాతావరణమందు రెండు గంటలు రచన సాగించెదను. ఆ సమయమందు మా శ్రీవారు పిల్లల ఆలనాపాలనా స్వయముగా చూచుకొందురు. వారి సహకారము లేనిదే నేను లేను. క్రమశిక్షణ యున్న తల్లికి సమయాభావమనునది యుండదు.’ ఎలా ఉందన్నయ్యా?”

అమ్మకు పొలమారింది. పిన్ని మాత్రం తల ఎత్తలేదు, రెబ్బల లెక్క తప్పుతుందన్నట్టు.

సంచిక వచ్చింది. రెండు పేజీలు కాదు, అర పేజీ. అందులో 4 గంటలూ లేవు, శ్రీవారూ లేరు. ‘పాలు పొయ్యి మీద పెట్టి కూర్చుంటాను. పొంగేలోపు ఎన్ని వాక్యాలు పడితే అన్ని. ఒక్కోసారి మంచి వాక్యం తగులుతుంది, ఆ పూట పాలు పోతాయి. మజ్జిగలేని అన్నం తిన్న రోజున మావారు, పిల్లలు నా రచనకు సహకరించినట్టు లెక్క.’ ఇంతే. దీని మీద వచ్చినన్ని ఉత్తరాలు సీరియల్ మీద కూడా రాలేదు. విశాఖపట్నం నుంచి, ఖమ్మం నుంచి, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్ నుంచి తల్లులు రాశారు. ఒకావిడ ఉత్తరంతో పాటు తన కథ కూడా పంపింది, చాకలిపద్దు పుస్తకంలో రాసింది.

ఆ సంచికలో మాత్రం బాబాయి ఆ అరపేజీ చదివాడు. చదివి, కుర్చీ చేతి మీద కొట్టాడు. “చూశావా అన్నయ్యా, నా గురించి రాసిన ముక్క లేపేశారు! అంతా మార్చేశారు. ఈ ఎడిటర్లింతే. చేతిలో కత్తెరుంటే చాలు.” ఎడిటరుకో ఘాటైన ఉత్తరం కూడా రాశాడు, రచయిత అనుమతి లేకుండా మార్పులు చేయడం ధర్మం కాదని. అదీ పిన్నికే ఇచ్చాడు, ఫెయిర్ చెయ్యమని. దానికి జవాబేమీ రాలేదు. వెళ్ళిందో లేదో నాకు తెలీదు, నా చేత మాత్రం పోస్టు చేయించలేదు.

మరుసటి ఏడాది పిన్నికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. వాళ్ళమ్మ వచ్చి పిల్లలిద్దరితో సహా సామర్లకోట తీసుకెళ్ళింది. బాబాయికి పెద్ద చింత పురుడు గురించి కాదు. “మరి ఫెయిర్ కాపీ?”

“డ్రాఫ్టులు పోస్టులో పంపండి. రాసి, అక్కణ్ణుంచే పత్రికకు పంపించేస్తాను” అంది పిన్ని, రైలెక్కుతూ. హామీ పత్రాలకు ఇబ్బంది లేకుండా ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు చేయించుకుని ఉంచాడు బాబాయి. ఆఫీసు బుర్ర.

కొన్నాళ్ళు అలాగే నడిచింది. ఒక వారం సామర్లకోట నుంచి టెలిగ్రాం వచ్చింది. రోజులు నిండకముందే ప్రసవమైంది, మగపిల్లాడు, పిన్నికి ఒంట్లో బాగాలేదు, కాకినాడ ఆసుపత్రిలో ఉంచారు. నాన్నా బాబాయీ వెళ్ళి చూసొచ్చారు. ప్రమాదం గడిచింది కాని, డాక్టరు కొన్నాళ్ళు కూర్చోనివ్వకూడదన్నాడు.

బల్ల మీద రాయి కింద డ్రాఫ్టు అలాగే ఉంది. గడువు ఇంకెన్నో రోజులు లేదు.

“ఒరేయ్, నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుందిగా” అన్నాడు బాబాయి నా వంక చూసి. “ఆడపిల్ల రాసినట్టే ఉంటుంది. కూర్చో. అక్షరం పొల్లు పోకూడదు.”

తొమ్మిదో క్లాసు కుర్రాణ్ణి, ఉబ్బిపోయాను. రాయి తీసి, కాగితానికి ఒకవైపే, మార్జిను విడిచి, చుక్క ఉన్నచోట చుక్క, కామా ఉన్నచోట కామా పెట్టి రాశాను. సాయంత్రం మొదలెట్టి రాత్రి భోజనాల వేళకు పూర్తి చేసేశాను. ఇదే పనికి పిన్నికి వారమంతా ఎందుకు పట్టేదో బోధపడలేదు. పిల్లలతో కుదిరేది కాదేమోలే అనుకున్నాను. ఆ భాగంలో కథానాయిక పుట్టింటి నుంచి వచ్చి భర్తతో, ‘గతంలో జరిగిన విషయములన్నియు పునఃపరిశీలించి తగు నిర్ణయము గైకొనవలసినదిగా మిమ్ములను కోరుచున్నాను’ అని వెక్కి వెక్కి ఏడుస్తుంది. నాకు ఏడుపు రాలేదు. పెద్దవాళ్ళ కష్టాలు మనకేం తెలుస్తాయిలే అని సరిపెట్టుకున్నాను. పిన్ని సంతకం ఉన్న కాగితం మీద హామీ పత్రం రాసి, గుండుసూది గుచ్చి, ఆరెమ్మెస్‌లో వేసొచ్చాను. బాబాయి పావలా ఇచ్చాడు.

జవాబు ఇంత త్వరగా ఎప్పుడూ రాలేదు. శనివారం వచ్చిందది, లావుపాటి కవరు. పిన్ని పేరున వచ్చే ఉత్తరాలన్నీ బాబాయే చించేవాడు. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయి, నన్ను పిలిచాడు. నాన్న కూడా పడక్కుర్చీలో ఉన్నాడు.

“చదవరా గట్టిగా. పురుడు సంగతి తెలిసి ఎడిటరుగారు ఏదైనా పంపారేమో.”

చదివాను.

“గౌరవనీయులైన శ్రీమతి... గారికి, నమస్కారములు.

మీకు సుఖప్రసవమైందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ తలుస్తాను. మీరు పంపిన భాగం అందింది. ఇది మీరు రాసింది కాదని మొదటి పేరాలోనే తెలిసిపోయింది. మంచం మీద ఉండి, గడువు దాటకూడదని మీవారి చేత రాయించి ఉంటారు. మీ ఇంటి చిరునామా నుంచే ఒకప్పుడు ఆయన పేరున మాకు రచనలు వచ్చేవి కనుక ఆ ధోరణి పోల్చుకోగలిగాను. ఆయన శ్రమకు కృతజ్ఞతలు తెలపండి. దస్తూరీ ముచ్చటగా ఉంది.

ఇన్నాళ్ళూ మీ రచనలో మేము ఒక్క అక్షరం మార్చలేదు, మార్చవలసిన అవసరం రాలేదు. దీన్ని మార్చి వేసుకునే శక్తి మాకు లేదు. మీరు లేచి తిరిగేదాకా, పసివాడు నాలుగు గంటలు నిద్రపోవడం అలవాటయ్యేదాకా, సీరియల్ ఆపుతాం. పాఠకులు ఆగుతారు. తొందరపడకండి.

ఈ భాగం తిప్పి పంపుతున్నాను. దానితో పాటు హామీ పత్రం కూడా. ఇంతకాలం మీరు ప్రతి వారం దాని మీద సంతకం చేసి పంపుతూ వచ్చారు. అడగకపోయినా అంత నిజాయితీగా పంపేవారు మరొకరు లేరని మా ఆఫీసులో చెప్పుకుంటాం. ఇప్పుడు మొహమాటానికి పోయి, స్వంత రచన కానిదాని మీద మీరు సంతకం పెట్టకండి.”